ఉప్పు బావి మందు

“కాలు తీసేస్తే తీసేయనీ! ఆ బిడ్డ చేతి మందు ఈ గడప దాటి రాకూడదు. చాలు, ఇంక ఎవురూ నోరు తెరవొద్దు.”

కృష్ణరాజ్‌కు అరిచే ఓపిక బాగానే ఉంది. లేనిదల్లా కుడి అరికాలి కింద కండ.

డాక్టర్ అభిరామి కట్టు మార్చి అప్పుడే వెళ్ళింది. చీము అదుపులోకి వచ్చిందట. రక్తం వేళ్ళ దాకా అందుతోందట. కానీ పుండులో కొత్త కండ పుట్టడం లేదు. త్వరలో పుట్టకపోతే మళ్ళీ చీము పడుతుంది, అప్పుడు మోకాలి కింద కోయక తప్పదు. ఈ మాటలన్నీ ఆమె కృష్ణరాజ్ ముందే చెప్పింది. గుమ్మం దాటుతూ మాత్రం వేదవల్లితో ఇంకో మాట అని పోయింది.

“మదురైలో మీ కోడలు కొత్త మందుకు ట్రయల్ నడుపుతుండాదే, అక్కడ ఇట్లాంటి పుండ్లు మూసుకుంటుండాయి ఆంటీ. ఒక తూరి అడగండి.”

ఆ మాట మొగుడి చెవిన వేసినందుకే ఈ రభస.

“ఏమిటికి రాకూడదండి?” అంది వేదవల్లి. “ఆ మందు పుట్టింది ఈ ఇంటిలోనే కదా?”

“ఈ ఇంటిలో పుట్టిన మందు ఇదిగో, నా కాలికి ఉండాది!”

కృష్ణరాజ్ పక్క బల్ల మీది ట్యూబు ఎత్తి చూపించాడు. దాని మీద ‘వేదాజెల్’ అని పెద్ద అక్షరాలున్నాయి. పెళ్ళాం పేరు పెట్టాడు గానీ, పెట్టేముందు పెళ్ళాన్ని అడిగిన పాపాన పోలేదు. మోటారు పంపులు చేసిన చేతితో మందులు కూడా చేయగలనని కోయంబత్తూరు ఊరంతటికీ చూపించాలని ఆయన పట్టుదల. డీలర్ల మీటింగులో వేదికెక్కి, సాక్సు తీసి, అందరి ముందూ తన పుండుకు తానే ఆ మందు పూసుకున్న మనిషి. ఆ ఫోటో ఇప్పుడు హాలు గోడ మీద కిటికీ అంత ఉంది. ఫోటోలో పుండు చిన్నది. అసలు పుండు పెరుగుతూ పోయింది.

కొడుకు శరత్‌కుమార్ కిటికీ దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

“నైనా చెప్పేది శరే కదమ్మా. కంపెనీ ఓనరే ఇంకొకరి మందు పూసుకుంటే మార్కెట్‌లో ఏమనుకుంటారు?”

“మార్కెట్టా?”

“అవును మరి. ఊరంతా తెలిసిపోతుంది.”

“నేను మీ నైనా కాలు గురించి మాట్లాడుతుండా శరత్.”

శరత్ తండ్రి పాదం వైపు ఒకసారి చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు. వేదవల్లి ఆ చూపును చూసింది. కొడుకు బాధపడుతున్నాడని అనుకుంది, తల్లి కదా.

కాసేపటికి ఆమె లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది. కారు అడిగితే డ్రైవరు కొడుక్కి చెబుతాడు. అందుకని పెరటి దారిన బయటికి వచ్చి, ఆటో ఎక్కి బస్టాండుకు పోయింది. ముప్పై ఏళ్ళుగా బస్సు ఎక్కని మనిషి మదురై బస్సులో కిటికీ సీటు కోసం ఒకావిడతో పోట్లాడి మరీ కూర్చుంది.

*

మదురైలో సిటీ బస్సు మారి, మాట్టుతావణిలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. కూరగాయల మార్కెట్టు వెనక వీధిలో ఇల్లు కనుక్కోవడానికి పెద్ద కష్టపడలేదు. అరుగు మీద ఒంటి కాలితో కూర్చున్న మనిషిని దూరం నుంచే గుర్తుపట్టింది.

పళనివేల్. ఆమె వియ్యంకుడు. సాత్తూరు అవతల నల్లరేగడిలో పత్తి పండించుకునే ఆ మనిషి, కాలు పోయాక చేను కౌలుకిచ్చి కూతురి దగ్గరికి వచ్చేశాడు. ఆమెను చూసి చంకకర్ర అందుకొని లేచి నిలబడ్డాడు. లేవకుండా ఉంటే బాగుండునని వేదవల్లికి అనిపించింది.

“రాండమ్మా. ఎండలో వచ్చినారే.”

ఆ గొంతు విని లోపలినుంచి శ్రీరంజని వచ్చింది. అత్తను చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

“ఏమిటికి వచ్చినారు అత్తా?”

“ఆకలేసి వచ్చినానమ్మా. అన్నం పెట్టు.”

శ్రీరంజనికి ఒళ్ళు మండింది. అత్త ఏ ఎత్తు వేసిందో ఆమెకు తెలుసు. వాళ్ళ వాళ్ళలో పగ ఉన్న ఇంట్లో చెయ్యి తడపరు, అంటే అన్నం ముట్టరు. పగవాళ్ళు తామే వచ్చి చెయ్యి తడిపారంటే వాళ్ళ వైపు నుంచి పగ తీరిపోయినట్టు. అన్నం పెట్టినవాళ్ళు ఆ తర్వాత అడిగింది కాదనకూడదు. కాదంటే తరతరాలు చెప్పుకుంటారు.

“పెట్టొద్దు నైనా,” అంది. “ఈయమ్మ అన్నానికి రాలేదు. మామ కాలికి మందు కోసం వచ్చింది. అభిరామి అక్క నాకు పొద్దునే ఫోన్ చేసింది.”

“నాకు ఆకలేస్తుండేది నిజమే,” అంది వేదవల్లి. “మందు సంగతీ నిజమే.”

  పళనివేల్ కాలు పోయింది ఈ వియ్యంకుడి ఇంటి మందు వల్లే.

అసలా మందు ఆయన బావిలోనే పుట్టింది. నల్లరేగడి బావుల్లో నీళ్ళు ఉప్పన. ఆ ఉప్పు బావి రాళ్ళ కింద చదునుగా, గోధుమ రంగులో ఒక పురుగు ఉంటుంది. దాన్ని రెండు ముక్కలు చేస్తే రెండు పురుగులవుతుంది. చిన్నప్పుడు శ్రీరంజని దాన్ని ఆటకు కోసేది, పెద్దయ్యాక చదువుకు కోసింది. ఆ పురుగు ఒంటి జిగురులో పుండును మాన్పే పదార్థం ఒకటుందని కనిపెట్టింది. ఎలుకల పుండ్లు కళ్ళముందే మూసుకుపోయాయి. మామ సంతోషపడి పంపుల ఫ్యాక్టరీలోనే ఒక షెడ్డు ఇచ్చాడు.

అక్కడే కోయంబత్తూరు వాళ్ళ జబ్బు బయటపడింది. వాళ్ళకు సిరువాణి నది నీళ్ళంటే ప్రాణం. లోకంలో అంత తియ్యటి నీళ్ళు లేవంటారు, చుట్టాల ఊరికి పోతే బాటిళ్ళలో మోసుకుపోతారు. సాత్తూరు నుంచి లారీలో ఉప్పునీళ్ళు రావడం చూసి కృష్ణరాజ్ అసహ్యపడ్డాడు. ‘నోరులేని పురుగుకు ఆ మురుగునీళ్ళేమిటి?’ అని తొట్లన్నీ ఖాళీ చేయించి సిరువాణి నీళ్ళు పోయించాడు. పురుగులు బలిశాయి. కోస్తే మళ్ళీ మొలిచాయి. తొట్లు నిండిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. జిగురులో మాత్రం మందు మాయమైంది. ఉప్పుతో పెనుగులాడినంత కాలమే ఆ పురుగు దాన్ని తయారు చేసుకునేది. తియ్యనీళ్ళలో దానికి ఆ అవసరమే లేకపోయింది.

ఎలుకల మీద పరీక్ష చేసి చూసింది శ్రీరంజని. పక్కన మొగుడు శరత్ ఉన్నాడు. మందు పూసిన పుండుకూ, వట్టి నీళ్ళు పూసిన పుండుకూ ఏ తేడా లేదు. ఇద్దరూ కళ్ళారా చూశారు.

“లాంచ్ అయిపోనీ రంజనీ,” అన్నాడు శరత్. “తర్వాత సరిచేసుకుందాం.”

ఆమె వినలేదు. నేరుగా మామ దగ్గరికి వెళ్ళి చెప్పింది. “సిరువాణి నీళ్ళకు వంక పెట్టిన మొదటి మనిషిని ఇప్పుడే చూస్తుండా” అని ఆయన నవ్వి, కొడుకు వైపు తిరిగాడు. “ఏరా, టెస్ట్ బాగుండాదా?”

“బాగుండాది నైనా,” అన్నాడు శరత్.

ఆ ఒక్క మాటతో మందు అంగళ్ళకెక్కింది. కృష్ణరాజ్ ఒక పెట్టెడు ట్యూబులు ప్రేమగా వియ్యంకుడికి కూడా పంపించాడు. అప్పుడే పళనివేల్ కాలికి పత్తి మోడు గుచ్చుకుంది. కూతురు భయపడుతుందని చెప్పలేదు. వియ్యంకుడు పంపిన మందు ఉండగా ఆస్పత్రికి పోతే మర్యాద కాదని పోలేదు. పూసుకుంటూ కూర్చున్నాడు. కూతురికి తెలిసేసరికి కాలు నల్లబడింది.

దానికైనా ఆమె ఓర్చుకునేదేమో. చుట్టాల పెళ్ళిలో, పంక్తిలో అందరూ ఆకుల ముందు కూర్చున్నప్పుడు ఎవరో పళనివేల్ కాలి సంగతి అడిగితే కృష్ణరాజ్ గట్టిగా అన్నాడు. “బురదలో తిరిగే కాలు కుళ్ళక ఏమవుతుంది?” పక్కన శరత్ తల వంచుకొని పాయసం తాగాడు. శ్రీరంజని వడ్డించిన ఆకు ముందు నుంచి లేచి వచ్చేసింది. మళ్ళీ ఆ ఇంటి గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. మదురై చేరి, ఉప్పునీళ్ళ పురుగులతోనే ఆ మందును మళ్ళీ మొదటినుంచి చేసింది.

ఇప్పుడు అదే ఇంటి మనిషి అన్నం పెట్టమని కూర్చుంది.

పళనివేల్ చంకకర్ర ఊతంతో లోపలికి వెళ్ళి అరిటాకు తెచ్చాడు.

“నైనా!”

“ఇంటికి వచ్చినోళ్ళని లేదని పంపేది నాకు చేతకాదు కన్నూ.”

“వీళ్ళు నీ కాలు తీసినారు.”

“తీసినారు. నేనేమి మరిచిపోతినా?” ఆయన ఆకు పరిచి, నీళ్ళు చల్లి, ఒక్క చేత్తో అన్నం వడ్డించాడు. తర్వాత కూతురి పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. “మందు ఇయ్యి. ఎట్ల ఇయ్యాలో అది నీ ఇష్టం. నన్ను అడగొద్దు.”

శ్రీరంజని తండ్రి ముఖంలోకి చూసింది. ఎన్నడూ పల్లెత్తు మాట అనని మనిషి కళ్ళలో తన కోపమే కనబడింది. ఆమెకు ధైర్యం వచ్చింది.

వేదవల్లి చెయ్యి తడిపింది. కన్నీళ్ళు ఆకులో పడుతున్నా మెతుకు మిగల్చకుండా తిన్నది.

“ఇస్తాను అత్తా,” అంది శ్రీరంజని, ఆమె చెయ్యి కడుక్కొని వచ్చాక. ముఖంలో నవ్వు ఉంది. మంచి నవ్వు కాదది. “ట్రయల్‌లో చేర్చేకి అభిరామి అక్కతో నేను మాట్లాడతాను. కానీ మొదటి కట్టు నేను చెప్పినట్ల కట్టాల. నేనే వస్తాను.”

“నువ్వా? మన ఇంటికా?”

“మీ ఇంటికి.”

*

మర్నాడు పొద్దున కోడలు హాల్లోకి అడుగుపెట్టగానే కృష్ణరాజ్ కుర్చీలోంచి లేవబోయి, కాలు సహకరించక కూలబడ్డాడు.

“ఎవురు పిలిచినారు దీన్ని?”

“నేను,” అంది వేదవల్లి. “వాళ్ళింట్లో చెయ్యి తడిపి వచ్చినాను. వద్దని పంపిస్తే పోయేది నా మానం. పంపిస్తారా?”

కృష్ణరాజ్ పళ్ళు కొరుకుతూ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ కట్టుబాటు ఆయనకూ ఒకటే.

వంటమనిషి కాఫీ తెచ్చింది. శ్రీరంజని దాని వైపు చూడను కూడా లేదు. మామ కాలు స్టూలు మీద పెట్టించి, కట్టు విప్పి, పుండు శుభ్రం చేసింది. చేతులు నెమ్మదిగా, జాగ్రత్తగా పనిచేశాయి.  శరత్ మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. దగ్గరికి రావాలో పారిపోవాలో తేల్చుకోలేని అవస్థ అతనిది.

పుండు కడగడం అయ్యాక ఆమె సంచిలోంచి పేరు లేని తెల్ల ట్యూబు తీసి టీపాయ్ మీద పెట్టింది. మామ పక్కనున్న వేదాజెల్ ట్యూబు తెచ్చి దాని పక్కనే పెట్టింది.

“మందు నేను వెయ్యను. మీ కొడుకు వేస్తారు,” అంది. “ఈ రెండిట్లో ఆయనకు దేని మీద నమ్మకమో అది వేస్తారు. ఏది వేసినా నేను నోరు తెరవను.”

“ఏం తమాషా ఇది?” అన్నాడు శరత్.

“కంపెనీ నడిపేది మీరు. కాలు మీ నైనాది. ఇంతకంటే న్యాయం ఏముండాది? రాండి.”

కృష్ణరాజ్ పకపకా నవ్వాడు. ఆయనకు ఉత్సాహం వచ్చింది.

“రారా. మన మందే వెయ్యి. ఆయమ్మ కళ్ళతో చూసిపోనీ.”

శరత్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేదాజెల్ ట్యూబు తీసుకున్నాడు, మూత తిప్పాడు. తండ్రి అరికాలు అతని ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఎర్రటి గుంట, దాని అంచులు తెల్లగా చచ్చిపోయి ఉన్నాయి. ట్యూబు పుండు దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

“వెయ్యిరా.”

శరత్ ట్యూబు కింద పెట్టాడు. తెల్ల ట్యూబు అందుకొని దాని మూత తీశాడు.

“అది కాదురా. పక్కది.”

“ఇది వేస్తాను నైనా.”

“ఏమిటికి?”

శరత్ తెల్ల ట్యూబును వేళ్ళ మధ్య తిప్పాడు.

“ఏమిటికిరా?”

“దాంట్లో ఏమీ లేదు నైనా.”

వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. కృష్ణరాజ్ పెదాల మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. దాన్ని తీసేయాలని కూడా ఆయనకు తోచలేదు.

“ఎప్పుడినుంచి లేదు?”

“నీళ్ళు మార్చినప్పుడినుంచి. రంజని చెప్పింది నిజమే.”

“నేను నిన్ను అడిగితిని. టెస్ట్ బాగుండాదా అని నీ ముఖం చూసి అడిగితినే.”

“అప్పుడే ఆర్డర్లు వచ్చినాయి. తర్వాత చెప్పొచ్చు అనుకొంటిని. మీరేమో వేదిక మీద సాక్సు తీసి పూసుకొంటిరి. అందరూ లేచి చప్పట్లు కొట్టినారు. ఇంక ఎట్ల చెప్పేది?”

“ఆ పొద్దు చెప్పలేకపోతివి. శరి.” కృష్ణరాజ్ గొంతు తగ్గిపోయింది. ఆ ఇంట్లో ఆయన గొంతు తగ్గడం వేదవల్లి ఎప్పుడూ వినలేదు. “దినమూ పూసుకొంటినే. ఇదే కుర్చీలో. నువ్వు పక్కన నిలుచుకొని చూస్తివే. నేను నీ తండ్రినిరా.”

శ్రీరంజని గోడకు ఆనుకొని నిలబడి అంతా చూసింది. గుండెల మీది బరువు దిగినట్టయింది. పంక్తిలో తన తండ్రి పరువు తీసిన మనిషి, పాయసం తాగుతూ ఊరుకున్న మనిషి, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకుండా ఉన్నారు. ఆమెకు సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

కృష్ణరాజ్ ఆమె వైపు తిరిగాడు.

“నువ్వే వెయ్యమ్మా. ఈ కాలు నాకు కావాల.”

ఆమె గోడ దగ్గరే ఉండేసరికి ఆయనే మళ్ళీ అన్నాడు.

“మొదట నేను మీ నైనా దగ్గరికి పోవాల. ఆయన ముందు నిలుచుకొని తప్పని చెప్పాల. ఆ పైన డ్రగ్ కంట్రోల్ ఆఫీసుకు పోతా. ఫ్యాక్టరీ తాళం నా చేత్తోనే ఇస్తా. నా కొడుకు తెలిసే అమ్మినాడని నా నోటితోనే చెప్తా. ఇంకెన్ని కాళ్ళు పోయినాయో ఎవురికి తెలుసు?”

“నన్ను జైలుకు పంపిస్తారా నైనా?” శరత్ ముఖం పాలిపోయింది.

“నన్ను నువ్వు ఏడికి పంపిస్తుంటివిరా?”

శ్రీరంజని ముందుకు వచ్చి శరత్ చేతిలోని ట్యూబు కోసం వంగింది. ఆమె కంటే ముందు ఇంకో చెయ్యి దాన్ని లాక్కుంది.

వేదవల్లి రెండు అడుగులు వెనక్కి వేసి ట్యూబును గుండెలకు అదుముకుంది.

“ముందు మాట ఇయ్యండి,” అంది మొగుడితో. “నా బిడ్డ పేరు ఎక్కడా చెప్పనని అనండి. అప్పుడే ఇది మీ కాలికి.”

“అత్తా, నిన్న మీరు మా ఇంట్లో చెయ్యి తడిపింది దీనికోసమే.”

“మొగుని కాలు నిలబెట్టేకి తడిపితిని. కొడుకును పట్టించేకి కాదు. నువ్వు పగ తీర్చుకొనేకి వస్తివి, తీర్చుకొంటివి. ఇంక పో.”

“ట్యూబు ఇయ్యండి. పుండు తెరిచి ఉండాది.”

“ఆయన మాట ఇయ్యనీ.”

శరత్ తల్లి వైపు ఆశగా చూశాడు. ఆ చూపు శ్రీరంజనికి పాత పరిచయమే. ఎవరో ఒకరు తనకు అడ్డం నిలబడతారని అతనికెప్పుడూ ఒక ధీమా. ఆమె కడుపులో చల్లబడిన మంట మళ్ళీ రాజుకుంది.

కృష్ణరాజ్ భార్య వైపు చూడలేదు. కుర్చీ చేతులు పట్టుకొని, పుండు కాలు తానే స్టూలు మీదినుంచి దించి నేలకు ఆనించాడు. నొప్పికి ముఖమంతా చెమటలు పట్టాయి.

“అభిరామికి ఫోన్ చెయ్యమ్మా,” అన్నాడు కోడలితో. “కాలు తీసే ఆపరేషన్‌కు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తానని చెప్పు. డ్రగ్ కంట్రోల్ ఆఫీసుకు పోయేకి చక్రాల కుర్చీ చాలు.”

శ్రీరంజని ఫోను తీయలేదు. అత్త ముందు చెయ్యి చాపి నిలబడింది. వేదవల్లి పిడికిలి ఇంకా గట్టిగా బిగించింది. మూత లేని ట్యూబులోంచి మందు ఆమె వేళ్ళ సందుల్లోకి వచ్చి, బొట్టుబొట్టుగా నేల మీద పడసాగింది.